నాలుగో అనుబంధం

పలమనేరు గ్రంథాలయంలో
నా పేరు మీద రెండుసార్లు గడువు పెంచిన లావుపాటి పుస్తకం.
యుద్ధం మూడొందల పేజీల్లో అయిపోయింది.
సంధి ఇంకా అవలేదు.

పొద్దున్నే పాలు పోయించుకుని, ఫ్యాటు చూసి,
వ్యాను చిత్తూరు దోవ పట్టాక
సెంటరు అరుగు మీద కూర్చుని చదువుతాను.
వేళ్ళకు జిడ్డు. పేజీల మూలలు ఒక్కొక్కటే
నూనె కాగితమవుతున్నాయి.

అద్దాల హాల్లో సంతకాలు చేసినవాళ్ళ
మీసాలు, కలాలు, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నదీ
అన్నీ ఉన్నాయి. గబగబా తిప్పేశాను.
నాలుగో అనుబంధం దగ్గర చెయ్యి ఆగింది.

ఓడిన దేశం మూడు నెలల్లో తోలి అప్పజెప్పాల్సినవి:
ఫ్రాన్సుకు తొంభై వేల పాడి ఆవులు,
బెల్జియంకు యాభై వేలు.
సగటు ఆరోగ్యం, సగటు పుష్టి ఉండాలట.

సగటు!
రోజూ డెబ్బై ఇళ్ళ పాలు కలిపి సగటు రాసేదాన్ని నేను.
క్యానులో పడ్డాక ఏ ఆవువి ఏవో
లాక్టోమీటరు చెప్పదు.
కొట్టంలో మాత్రం ఒకటి తంతుంది.
ఒకటి రేడియో పెడితేనే నిలబడుతుంది.
ఒకటి కన్నెమ్మ చెయ్యి తప్ప తాకనియ్యదు.

ఆ కన్నెమ్మ ఆవునే పోయిన కార్తీకంలో
బాకీ కింద తోలుకుపోయాడు గుడియాత్తం షావుకారు.
స్టాంపు కాగితం, ఇద్దరు సాక్షులు, అంతా పద్ధతిగానే.
చెక్‌పోస్టులో ఎవరూ అడగలేదు.
నాలుగో రోజు ఫోను:
"చేపడం లేదమ్మా. పొదుగు రాయైపోయింది."

వెళ్ళింది.
బస్సు టికెట్టు సొంత డబ్బు.
షావుకారి దొడ్లో గొంతుక్కూర్చుని
మూడు పొద్దులు పితికిచ్చి వచ్చింది.
ఎందుకు పోయినావంటే,
"కాగితం మీద ఏలిముద్ర ఏసింది నేను.
అదేమన్నా ఏసిందా?"

నూట నలభై వేలు.
నిజంగా ఎన్ని కదిలాయో,
రైలు పెట్టెల్లో, మంచులో, తెలియని భాష అదిలింపుల్లో
ఎన్ని చేపాయో, ఎన్నింటికి పాలు గడ్డకట్టాయో,
గెలిచిన ఊళ్ళో ఏ ముసలమ్మైనా
శత్రువు ఆవుకు వేడినీళ్ళ కాపడం పెట్టిందో లేదో,
అడుగున చిన్నక్షరాల్లో కూడా వెతికాను.
బంగారం లెక్కలున్నాయి. బొగ్గు లెక్కలున్నాయి.

రేపటితో గడువు.
సంతకాల పేజీ కాదది,
అయినా అంచున నా బొటనవేలి ముద్ర పడింది,
పాల మరకతో.
జైనాబీ జరిమానా రాస్తే రాయనీ.