తడి పీట

నాలుగు దేశాల పిల్లలు వచ్చిండ్రు హన్మకొండకు, బంతాటకు.
రాత్రి వాన గోలు ముందల్నే నిలిచింది.
గోనెసంచులు పరిచి పిండుతున్నం
నేనూ కొమురమ్మా.

నేపాల్ గోల్‌కీపర్ గ్లౌజులు చంకల పెట్టుకొని వచ్చి
తనూ ఒక సంచి అందుకున్నది.
"పానీ" అన్నది. పానీయే, అన్నం.
ఒక చాయ్ ముగ్గురం తాగినం.

డెబ్బై ఎనిమిదో నిమిషం.
మా కాజీపేట రవళి తన్నిన బంతికి
ఆ పిల్ల ఎడమకు దూకబోయి
జారింది.
చాయ్ కోసం మేం లేచిపోయిన జాగ అది.

స్టేడియం ఊగిపోయింది.
కొమురమ్మ ఈల వేసింది.
నేనూ చప్పట్లు కొట్టిన, కొట్టలేదని కాదు.

దీపాలార్పినంక ఆ జాగకు పోయి
గోనె పరిచిన.
పిలిచి వేసిన పీట తడిగుంటే
చుట్టం పైకి అనదు గదా.