ఒక్క మాట మనిషి

ఒకే మాట మీద నిలబడే మనిషిని
మావైపు గొప్పగా చెప్పుకుంటారు.
హల్ పట్టణంలో, హంబర్ ఒడ్డున,
పదకొండో నంబరు గదిలో
హోల్‌రాయిడ్ గారికి
నిలబడదామంటే కాళ్ళు రావు,
మాట మాత్రం నిజంగానే ఒకటే మిగిలింది.

ముప్పయ్యేళ్ళు చేపల ఓడల మీద
గాలికి ఎదురు అరిచిన గొంతు.
పక్షవాతం వచ్చి అన్నీ ఊడ్చుకుపోతూ
ఒక్కదాన్ని మరిచిపోయి వెళ్ళింది.
అది బూతు.
ఇక్కడ రాయను. సంఘంలో పెద్దలు చదువుతారు.

టీ ఇస్తే అదే మాట.
దిండు సర్దితే అదే మాట.
కిటికీ మీద సీగల్ వాలినా
దానికీ అదే.
మొదటి వారం నా చెవులు కాలిపోయాయి.
ప్రభువా, ఆ నోటికి కాపలా పెట్టవయ్యా అని
యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ ప్రార్థించేదాన్ని.
కాపలా ఎవరి నోటికి కావాలో
ఆయనకి తెలుసు కాబోలు, ఊరుకున్నాడు.

రెండో నెలకి వినడం వచ్చింది.
చివర పైకి లేస్తే దాహం.
మధ్యలో విరిగితే నొప్పి.
అర్ధరాత్రి గొణిగితే లైటు ఆర్పొద్దని.
బుధవారాలు భార్య మోరీన్ వస్తుంది,
తడిసిన వానకోటు విప్పకుండానే కూర్చుని
ఆయన గోళ్ళు కత్తిరిస్తుంది.
అప్పుడంటారు అదే మాట,
పసిబిడ్డ మాడుకి నూనె పెట్టినంత మెత్తగా.
"నాకు తెలుసులే కెన్" అంటుందామె.

నాది మంచి నోరు.
ఆదివారం తెలుగు కూడికలో
నేను ప్రార్థన ఎత్తుకుంటే
మైకు అక్కర్లేదంటారు.
నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ.
నా నోట ఒక్క చెడ్డమాట
ఈ దేశం వినలేదు.

నవంబరులో మా కెజియా
నర్సింగు మానేశానని,
లీడ్స్‌లో బేకరీ పనికి కుదిరానని
గుమ్మంలో బ్యాగుతో నిలబడి చెప్పినప్పుడు
నేను తిట్టలేదు.
"దేవుడు నిన్ను దీవించుగాక" అన్నాను.
ఒక్కో అక్షరం పళ్ళ మధ్య నూరి,
తలుపు మొహాన వేసినట్టు.
దాని మొహంలో రంగు పోవడం చూశాను.
చూసి తృప్తిపడ్డాను కూడా.

శాపమైతే విరుగుడు వెతుక్కునేది.
దీవెనతో పొడిస్తే
ఆ పిల్ల ఏ మందు రాసుకోవాలి?
పిండి ఎగిరి తుమ్మొచ్చినప్పుడల్లా
పక్కవాళ్ళు బ్లెస్ యూ అంటారు కదా ఇక్కడ.
ప్రతి తుమ్ముకీ
నేను గుర్తొస్తానేమో.

మాటతో లోకాన్ని చేసినవాడికి
మాట దేంతో చేస్తారో తెలియదా?
ముందు ఊపిరి, తర్వాతే శబ్దం.
నేను శబ్దాన్ని కడిగి ఆరేసుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ.
కెన్‌కి చెడింది శబ్దమే.

నిన్న రాత్రి మూడింటికి
ఉతికిన దుప్పట్ల గదిలో కూర్చుని
ఫోనులో గొంతు రికార్డు చేశాను.
మొదటిది ప్రసంగం, చెరిపేశాను.
రెండోది ఏడుపు.
మూడోదాంట్లో వచనాలు దొర్లాయి,
నా గొంతంటే నాకే భయమేసింది.
ఆఖరికి పంపింది ఇంతే:
"కెజ్జీ, ఆ రోజు నేను తిట్టాను.
నీకు తెలుసు. నాకూ తెలుసు.
అక్కడ ఏం రొట్టె చేస్తున్నావో చెప్పు."

నాలుగున్నరకి, బేకరీ వాళ్ళు లేచే వేళకి,
తెర మీద మైకు బొమ్మ నీలమైంది.
జవాబు లేదు.
రాకపోవచ్చు.
కానీ వింది.
నోరు జారిన మాటని వెనక్కి తీసుకోలేమంటారే,
ఇది జారింది కాదు, దించింది.
దీన్నీ ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

ఆరున్నరకి కిటికీ నిండా మంచు.
ఎక్కడో ఓడ కూత.
టీలో రెండు చెంచాల చక్కెర,
గొంతుకి అడ్డం పడకుండా
చిక్కబరిచే పొడి ఒక చెంచా.
హోల్‌రాయిడ్ గారు ఒక గుక్క మింగి
నా వాచిన కళ్ళకేసి చూసి
మెల్లగా అన్నారు
ఆ మాటే.

ఆమేన్ అన్నాను.