బుగ్గ మీద కొలత

గుణుపురంలో మా స్టూడియో అంటే
రైసుమిల్లు మేడమీద ఒక రేకుల గది.
ఊక వాసన. మూడు కుర్చీలు. గోడకి నీలం దుప్పటి.
పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు వదిలించుకున్న రెండు లైట్లు.
నేను బమ్మిడి దాలయ్యని.
లైట్లూ, మేకప్పూ, మంచినీళ్లూ, మూడూ నేనే.

పౌడరు డబ్బా ఒక్కటే.
మూత మీద 'సహజ వర్ణం' అని రాసుంటాది.
పొట్నూరు కామేశం గారికి అద్దితే ఇమిడిపోయింది.
జమంతి రయితాకి అద్దబోతే
"వద్దన్నా, నా మొహానికి అది బూడిద" అంది, నవ్వుతూనే.
కొండ మీంచి రెండు జీపులు మారి వచ్చింది
చేతిలో చింతపండు రేట్ల కాగితంతో.

బ్లాకు ఎన్నికల చర్చ. ప్రత్యక్ష ప్రసారం.
సగం ఒడియాలో, సగం తెలుగులో చెబుతోంది
వంతెన లేని గెడ్డ దాటించి
పురిటి మనిషిని మంచం మీద మోసుకొచ్చిన రాత్రి సంగతి.
"నడుం దాకా నీళ్లు..." అంటుండగా
కామేశం గారు కుర్చీలో వెనక్కి వాలి
"ఒరే దాలయ్యా, ఆ లైటు కాస్త పెంచరా,
మేడమ్ గారి పళ్లు తప్ప ఏటీ అగుపడ్డం లేదు" అన్నారు.

యాంకరు నవ్వాడు.
కెమెరా కుర్రాడి భుజం కదిలి
ఊరందరి ఇళ్లలో బొమ్మ కూడా నవ్వినట్టు ఊగింది.
నేను నవ్వలేదు.
ఇక్కడితో ఆపేస్తే నేను మంచోణ్ణే.
కానీ నా చెయ్యి స్విచ్చు దగ్గరికి పోయింది.
పెంచాను.

ఆమె కళ్లు చికిలించింది.
సవర మాటల్లో ఏదో అనుకుంది, మైకుకి అందనంత మెల్లగా.
"నడుం దాకా నీళ్లు" అని
ఆగిన చోటునుంచే మళ్లీ అందుకుంది.
అప్పటికే ప్రకటన వచ్చేసింది.
ఇనప బీరువాలు, సులభ వాయిదాలు.

మర్నాడు పదహారు సెకన్ల ముక్క అందరి ఫోన్లలో.
అందులో గెడ్డ లేదు, పురిటి మనిషీ లేదు.
సంతలో చింతపండు తూస్తూ షావుకారు కొడుకు
ముసలి సవరమ్మతో "లైటెయ్యవే" అన్నాడు.
తూకం ముల్లు మీద మాత్రం ఎవరూ లైటు వెయ్యలేదు.

మాట తగిలితే ఎలాగుంటాదో నాకు తెలీక కాదు.
కిందటేడు రాజధానిలో పెద్ద చానెల్లో ఎవడో
"ఈ తెలింగావాళ్లని నది దాటించాలి" అన్నప్పుడు
మా వీధి వీధంతా సబ్‌కలెక్టరాఫీసు ముందు కూర్చుంది.
పొట్నూరివారే మజ్జిగ పోయించారు.
నేనూ తాగాను. రెండు గ్లాసులు.

నిద్రపట్టక లెక్క చూసుకున్నాను.
ఆమె మొహం సరిగా అగుపడని మాట నిజమే.
ఎందుకు అగుపడదు?
చర్చ మొదలవక ముందు కెమెరాకి వెలుతురు కొలవాలి,
ఏదో ఒక మొహం పెట్టి.
పదకొండేళ్లుగా ఆ మొహం పొట్నూరివారిదే.
ఆయన బుగ్గకి సరిపోతే ఊరికి సరిపోయినట్టే.
అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు.
చెప్పక్కర్లేకపోయింది.

రెండో చర్చకి ఆమె రాదనుకున్నాను.
వచ్చింది. అదే కాగితం, రేట్లు రెండుచోట్ల కొట్టేసి.
"ఆ రోజు కళ్లు మండాయన్నా" అంది. అంతే.
ఇంకేమైనా అంటుందని
నీళ్ల గ్లాసు పట్టుకుని కాసేపు నిలబడ్డాను.
తర్వాత కొలత ఆమె బుగ్గ మీద పెట్టాను.

జమంతి రయితా తెర మీద పూర్తిగా వచ్చింది.
గడ్డం మీద పచ్చబొట్టు చుక్క, కింది పెదవి మీద పగులు,
చెప్పబోయి ఆపుకున్న మాట కూడా.
పక్క కుర్చీలో కామేశం గారు
కాలిపోయిన తెలుపు.
ముక్కు లేదు, కళ్లు లేవు, మాట్లాడుతున్న కాగితం.

ఎవరూ జోకు వెయ్యలేదు.
అర నిమిషంలో యజమాని మెట్లెక్కి వచ్చేశాడు.
తెర అడుగున ఎర్రపట్టీ పరిగెత్తింది:
'సాంకేతిక లోపం. సరిచేస్తున్నాము.'