పాతిక మీటర్లు

ఈసల్మిలో, ఆరంతస్తుల ఇళ్ళ కింద,
ఎన్నడైనా యుద్ధమొస్తే దాక్కోవడానికి రాయి తొలిచిన గదిలో
మంగళవారాలు మేం కాగితాల్ని కాలుస్తాం.
ఇనప తలుపు మూస్తే
నవంబరు మెట్ల మీదే ఆగిపోతుంది.
చెవులకి డిప్పలు తగిలించుకుంటే
ఎవరి గుండె వాళ్ళకి
పక్కింట్లో ఎవరో పచ్చడి నూరుతున్నట్టు.

నా పని కాగితాలు మార్చడం,
ఖాళీ ఇత్తడి గొట్టాలు ఊడ్చడం,
ఎవరికెన్ని వచ్చాయో పెన్సిల్‌తో రాయడం.

ఇవాళ బల్ల మీద రెండు పిస్తోళ్ళు.
ఓస్మోది పాయింట్ త్రీటూ.
దాని తూటాకి ముక్కు లేదు, బల్లపరుపు తల.
కాగితాన్ని చింపదు,
కండక్టరు టికెట్టుకి కొట్టిన చిల్లులా
గుండ్రంగా కోసి తీసుకెళ్తుంది.
హెల్వి రౌనియోది పాయింట్ టూటూ.
బస్సు నడిపే తన అరచేతి అచ్చుకి
వాల్‌నట్ పిడిని తనే ఆకురాయితో అరగదీసుకుంది.
అది చేసే చిల్లు చిన్నది, అంచులు చిరిగినది.
గీత తాకిందా లేదా అని
భూతద్దంతో ఎన్ని తగువులు తీర్చానో.

"నీది దోమ కుట్టినట్టు," అంటాడు ఓస్మో.
"నీది జేబు కొట్టినట్టు,
ఒక్కో మోతకి ఒక్కో కాఫీ ఖర్చు," అంటుంది హెల్వి.

కొత్త సీజనుకి తూటాలు ఎంచుకోవాలి.
ఆమె పిస్తోల్ని వైస్‌లో బిగించాం.
నాలుగు డబ్బాలు, డబ్బాకి పది గుళ్ళు.

మొదటిది బంగారు అక్షరాలది.
కోళ్ళకి నూకలు చల్లినట్టు పడ్డాయి.
పేరు గొప్ప, ఊరు దిబ్బ.
రెండోది పర్లేదు,
ఒక్క గుండు మాత్రం ఎవరో పిలిచినట్టు పక్కకి పోయింది.
మూడోది పచ్చ డబ్బా, వేళ్ళకి మైనం అంటుతుంది.
పదీ కలిసి ఒకటే నోరు.
పైన నాణెం పెడితే మూసుకుపోయింది.
నాలుగోదీ పచ్చ డబ్బాయే.
అదే ఫ్యాక్టరీ, అదే సీసం, అదే మైనం,
లాట్ నంబరులో చివరి అంకె ఒక్కటే వేరు.
మూడు నాణేలు పెట్టినా ఇంకా చిల్లులు తొంగి చూశాయి.

"ఆవేళ సీసం కరిగించినవాడికి జ్వరమేమో,"
ఓస్మో మూడో డబ్బా కింద రెండు గీతలు గీశాడు.

అప్పుడామె వైస్ విప్పి
చేత్తో పట్టుకుంది.
ఏ మ్యాగజీన్‌లో ఏవి నింపానో చెప్పలేదు నేను.
మూడోది తొంభై ఒకటి.
నాలుగోది తొంభై నాలుగు.
మళ్ళీ.
తొంభై. తొంభై ఐదు.

పెన్సిల్ ముల్లు విరిగింది. చెక్కుకుని రాశాను.

"అది చురుగ్గా తంతుంది," అంది హెల్వి,
"తంతుందని తెలిసి నా మణికట్టు ముందే సర్దుకుంటుంది.
ఇది బద్ధకంది.
చేతిలో ఉందన్న సంగతే మర్చిపోతాను."

"ఇరవై గుళ్ళకి ఏం తేలుతుంది?
ఇనుము అబద్ధమాడదు," అన్నాడు ఓస్మో.
నిజమే, ఇరవైతో ఏమీ తేలదు.
ఇనుము ఊపిరి తీసుకోదు కూడా,
తెల్లారుజామున నాలుగూ యాభైకి
మంచులో మొదటి బస్సు తియ్యదు.

వాదన అక్కడే వదిలేసి
ఆమె పిడి మీద వైస్ నొక్కిన గుర్తుల్ని
బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది,
కమిలిన చోట వెన్న రాస్తున్నట్టు.
ఓస్మో ఇంకా దీపం కింద వంగి
ఆ ఒకే ఒక్క నోటిని కొలుస్తున్నాడు.

నేను చీపురు తీసుకున్నాను.
ఊడ్చేటప్పుడు పచ్చడబ్బాలవి రెండూ కలిసిపోయాయి.