దండాసి మామకు చెప్పినవి

బియ్యం కొట్టు కాటా మీద పెట్టె ఎక్కించేం.
ఇరవై ఆరున్నర.
టికెట్టులో రాసింది ఇరవై మూడు.
అటుకులు తియ్యమంటే అత్త ఊరుకోదు,
రంపం తియ్యమంటే నువ్వు ఊరుకోవు.
సాహుకారు ఒడియాలో నవ్వుకుంటూ
రాయి మార్చి మళ్ళీ తూస్తన్నాడు.
ఈ కాటాకి మొగమాటం ఉంది మామా,
అక్కడి కాటాకి లేదు.

ముందు పేరు చూసుకో.
పుట్టడం తెలుగులో పుట్టేవు,
బళ్ళో గుమస్తా ఒడియాలో నీకో దీర్ఘం తగిలించేడు,
ఆధారు కుర్రాడు ఇంగ్లీషులో ఒక అక్షరం మింగేడు.
పర్లాకిమిడిలో ఏ పేరుతో పిలిచినా పలుకుతావు.
అక్కడ పలికితే చాలదు.
టికెట్టు మీదా పాస్‌పోర్టు మీదా
పేర్లు కవలపిల్లల్లా ఉండాలి,
పుట్టుమచ్చతో సహా.

ఉలీ, ఆకురాళ్ళూ పెద్ద పెట్టెలో అడుక్కి పెట్టు.
నలభై ఏళ్ళు నీ చేతిలో పనిముట్లు
ఆ ఒక్క పూటా నీ చేతిలో ఉంటే కత్తులు.
ఫోను బ్యాటరీది తిరగేసిన లెక్క, చేతి సంచిలోనే ఉండాలి.
ఎందుకని అడక్కు, నేనూ అడగలేదు.
మెరుగు నూనె సీసా మాత్రం చేత్తో పట్టుకెళ్ళకు.
మొదటిసారి నా తల నూనె విశాఖలోనే బుట్టలో పడేసేరు,
మస్కట్టులో మూడు రాత్రులు ఆ వాసన కలలోకొచ్చింది.

కొమ్ము అనగానే వాళ్ళ కనుబొమ్మలు లేస్తాయి.
ఇది గేదెది, అడవిదాన్ని చంపి తెచ్చింది కాదు అని
కాగితం ఉండాలి, దానికి ముద్ర ఉండాలి.
సంతలో నువ్వు గీరి, వాసన చూసి చెప్పేస్తావు.
నీ ముక్కుకి ముద్ర ఎవరేస్తారు?

దోహాలో దింపుతారు. మిలాను వచ్చేసిందనుకోకు.
గుణుపూరు బండైతే
పంచె ఎగ్గట్టి పరిగెత్తేవాణ్ణి చూసి
గార్డు జాలిపడతాడేమో.
విమానం తలుపు చెప్పిన టైముకి ముందే మూసేస్తారు.
గేటు నంబరు కూర్చున్నచోటే మారిపోద్ది.
బోర్డు చదవలేకపోతే టికెట్టు ఎవరికైనా చూపించు,
సిగ్గుపడ్డవాడే అక్కడ తప్పిపోతాడు.

ఇంకొకటి. ఇది ఎవరూ చెప్పరు.
అద్దం మీద వేళ్ళు పెట్టమంటారు.

నీకు గీతలు లేవు మామా.
కొమ్మును కాచి, వంచి, అరగదీసి
దాంతోపాటు నువ్వూ అరిగేవు.
రేషను డిపోలో ఆ మిషను
మూడు నెలలు నిన్ను ఎవరో అనలేదూ?
భయపడకు. నాకూ లేవు.
ఆరేళ్ళు ఒకరి ఇంట్లో, చీకటితో లేచి
బ్లీచింగు నీళ్ళలో చేతులు.
మస్కట్టు వదిలే రోజున ఆ అద్దం ముందు
నేను నేనేనని చెప్పుకోలేక
అరగంట నిలబడ్డాను.
వెనక వరస గొణుగుతోంది.
యూనిఫారం కుర్రాడొకడు తడిగుడ్డ ఇచ్చి
మెల్లగా, అన్నాడు హిందీలో.
మెల్లగా నొక్కేను.
నాలుగో వేలికి దొరికేను.

అందుకని తొందరపడకు.
తుడుచుకో, నోటితో ఆవిరి ఊదు, మళ్ళీ పెట్టు.
బొటనవేలు కాదంటే చిటికెన వేలు.
ఏదో ఒక వేలు నిన్ను దాచి ఉంచే ఉంటది.

ఇంత చెప్పేనా,
నువ్వు పాస్‌పోర్టు గురించి అడగలేదు, దోహా గురించి అడగలేదు.
చొక్కా జేబులోంచి నల్ల కొంగను తీసి
‘దీని ముక్కు వాడిగుంది. ఆపుతారేటి?’ అన్నావు.

ఆ ముక్కు నా బొటనవేలి మీద ఆనించి చూసేను.
గీతలు లేని చోట కూడా గుచ్చుకుంది.
తెలీదు మామా.

సాహుకారు పిలుస్తన్నాడు.
అటుకులు తీసేసినా
ఇంకా పావు కిలో ఎక్కువే ఉందట.