ఎనభై ఐదు మిల్లీమీటర్లు

సరిహద్దు దగ్గర రైలు ఆగుతుంది.
చైనా పట్టాల ఎడానికీ మా పట్టాల ఎడానికీ
తేడా ఎనభై ఐదు మిల్లీమీటర్లు.
నాలుగు వేళ్ల వెడల్పు.
దానికోసం పెట్టెను మనుషులతో సహా పైకెత్తి
కింద చక్రాలు మారుస్తారు.
లోపల ఎవరో టీ తాగుతూనే ఉంటారు.

దాంబా ఆ రైల్లో పదహారేళ్లు కరెంటు చూశాడు.
ఇప్పుడు జామిన్-ఊద్ ఆసుపత్రిలో నాతోపాటు వైర్లు చూస్తాడు.
"సొరంగమంటే అదేగా నోమిన్,
కొత్త ప్యాకెట్‌ని పాత కవరులో పెట్టు.
దారిలో ఒక్క యంత్రాన్నీ ముట్టుకోనక్కర్లేదు.
మన దగ్గర డబ్బుందా?"

లేదు.
పెట్టాం.
రక్తపరీక్షల అంకెలు ఉలాన్‌బాతర్ చేరాయి.
ఎక్స్‌రేలు మాత్రం సగంలో నిలబడ్డాయి:
మూడు తెల్లటి పక్కటెముకలు, ఆపైన బూడిద.
డాక్టర్ త్సెవెల్మా మెట్లు దిగొచ్చి మరీ అరిచింది.
మూడు రాత్రులు వెతికితే దొరికింది,
కవరు బరువు. ఇరవై బైట్లు.
పదిహేను వందలు పట్టే గుమ్మంలో
పదిహేను వందల ఇరవై.
"పట్టదు" అని తిరిగొచ్చే కబురును
మా కాపలా గోడే బయట ఆపేస్తోంది.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఇమిడ్చాను.
ప్రతి యంత్రానికీ రెండు చిరునామాలు,
రెండు కాపలాలు, రెండు చిట్టాలు,
రెండు రకాల నా పొరపాట్లు.
"ఉన్న గుర్రానికే గడ్డి లేదు" అని దాంబా గొణిగాడు.

ఏప్రిల్ ఇసుకగాలిలో కొత్తదారి తెగింది.
ఈసారి ఎవరూ మెట్లు దిగిరాలేదు.
యంత్రాలు కొత్త తలుపు తట్టి
రెప్పపాటు ఆగి
పాత తలుపులోంచి వెళ్లిపోయాయి.
పదకొండు రోజులు.
నెలాఖరు లెక్క రాస్తుంటే బయటపడింది,
కొత్తదాని గడిలో వరసగా సున్నాలు.
ఎవరికీ నొప్పి తెలియనివ్వలేదని గర్వపడాలా,
నాకూ తెలియలేదని సిగ్గుపడాలా?

గోబీలో దూరపు క్లినిక్కులకి ఇంకా సొరంగమే,
సరుకు కాస్త తగ్గించి కట్టి పంపుతున్నాం.
ఇక్కడ మాత్రం రెండూ.
"పాతది ఎప్పుడు ఆపుదాం?" అన్నాను,
గోడమీద సుద్దతో తేదీ రాసి.
దాంబా చెరపలేదు.
దానికింద రాశాడు:
ముందు అల్ట్రాసౌండ్ మెషిన్‌ని అడుగు.
అది పాత భాష తప్ప
ఇంకోటి నేర్చుకోనంటోంది.