నాలుగింటి గడి

యాప్రాల్‌ల ఆ మూడంతస్తుల ఇంటికి
‘సేవాసదనం’ అని బోర్డుంటది.
రెండో అంతస్తుల పద్దెనిమిది మంచాలు,
రాత్రిపూట నేనొక్కదాన్ని.

రెండు గంటలకొకసారి పక్క మార్చాలె.
గోడకు చార్టు.
పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు.
పదింటికే ఐదు గడులల్ల సంతకం పెట్టి
కుర్చీల ఒరిగేదాన్ని.
అబద్ధమంటే అబద్ధమే.
పొద్దంత బొల్లారంల రెండిండ్ల గిన్నెలు
తోమొచ్చిన చేతులాయె.

పదకొండో మంచం సుబేదార్ మస్తాన్ వలీ.
కంభం దిక్కు మనిషి.
కుడికాలుకు రెండే వేళ్లు,
మిగిలినవి మంచు తినేసిందంట.
బీపీ చూస్తానంటే చెయ్యి చాపుతడు
రైఫిలు అప్పజెప్పినట్టు.
పప్పు నీళ్లగుంటే నీళ్లగుందంటడు,
ఇంకో మాట అనడు.

తనిఖీకి ఆఫీసర్లు వచ్చిన నాడు
అందరికీ కొత్త దుప్పట్లు, తలా ఒక అరటిపండు.
చార్టు తిరగేసి ‘బాగుంది’ అన్నరు.
‘ఏమన్న ఇబ్బందా సాబ్?’
ఆయన నా దిక్కు చూడకుంట
‘రాత్రికి ఈ పిల్ల ఒక్కతే ఉంటది’ అన్నడు.
వాళ్లది రాసుకోలేదు.
సాయంత్రానికి దుప్పట్లు మళ్ల బీరువాలకు పోయినయి.

ఆ రాత్రి పన్నెండింటికి
స్టీలు గ్లాసు మీద చెంచా మోగింది.
ఉరికిన. నీళ్లా? నొప్పా?
‘నాకు కాదమ్మా, ఏడో మంచం.
ఆయనకు నోరు లేదు.’
ఏడో మంచమాయన నడుము కింద చెయ్యి పెడితే
తడి. రూపాయి బిళ్లంత ఎరుపు.

‘నాకెటూ నిద్ర రాదులే.
నేను చూస్తుంటా, నువ్వు కునుకు తియ్యి.
పోస్టు మీద ఇద్దరముంటే అట్లాగే చేసేవాళ్లం.’

రెండింటికి చెంచా. నాలుగింటికి చెంచా.
ఏడు నెలలు.
మేనేజర్‌కు ఆ చప్పుడు నచ్చక
ప్లాస్టిక్ గ్లాసు తెచ్చిచ్చిండు.
సుబేదార్ మంచం ఇనుపరాడ్ మీద కొట్టిండు.

మొన్న వానలల్ల ఆయాసం ముదిరి
మిలిటరీ ఆస్పత్రికి తీస్కపోయిండ్రు.
ఏమైందో ఎవరూ చెప్పరు, నేను అడిగేటి దాన్ని కాదు.
పదకొండో మంచానికి కొత్తాయన వచ్చిండు,
నేవీల వంట చేసినాయన. గుర్రు పెడతడు.
చెంచా నా కొంగుల ఉంది.

ఇంకొక మనిషిని పెట్టమని మూడుసార్లు అడిగిన.
చూద్దామన్నరు.
గిప్పుడే రెండింటి గడిల సంతకం పెట్టిన,
పద్దెనిమిది మందిని తిప్పినంకనే.
అప్పటికి మూడు దాటింది,
మూడనే రాసిన.
నాలుగింటి గడి ఖాళీగ ఉంది.
కింద పాలబండి ఆగిన సప్పుడు.
ఏడో మంచమాయన కండ్లు తెరిచి
నా దిక్కే చూస్తున్నడు.